నిలబడ్డ లారీకి చుక్క చుక్క కరెంటు

సెల్ఫ్ కొడితే ఇంజను తిరగలేదు. టక్, టక్, టక్ అని లోపల ఎవరో పళ్లు కొరికినట్టు చప్పుడై ఆగిపోయింది. డ్యాష్‌బోర్డు మీది దీపాలు మసకబారి మళ్లీ వెలిగాయి. భీమవరం పక్క పల్లెలో మా బావగారి లారీ అది. దాళ్వా ధాన్యం మిల్లుకు చేరాక రెండు నెలలుగా వేపచెట్టు కిందనే ఉంది. తిరగని బండికి రోగమేం వస్తుందని ఆయన ధీమా.

బ్యాటరీ షాపాయన వచ్చి ఛాసిస్ పక్కనున్న పెట్టె మూత తీశాడు. లోపల రెండు బ్యాటరీలు. మన పెద్ద లారీలు 24 వోల్టులవి కాబట్టి పన్నెండు వోల్టులవి రెండు వరసగా కడతారు. మీటరు పెడితే ఒకటి 12.2 చూపింది, రెండోది 11.8. తర్వాత బిరడాలు విప్పి, రబ్బరు బుడ్డి ఉన్న హైడ్రోమీటరుతో ఒక్కో సెల్లులోంచి ఆసిడ్ పైకి లాగి, గొట్టంలో తేలే కాడ ఎంత మునిగిందో వెలుతురుకు పెట్టి చూశాడు. దీన్నే వాళ్లు ‘గ్రావిటీ చూడటం’ అంటారు. మనలాంటి వేడి ప్రాంతాల్లో నిండు బ్యాటరీకి 1240 రావాలి. మొదటిదానికి 1200 వచ్చింది, రెండోదానికి 1130.

“టేపురికార్డరుకి వైరు దీన్నుంచే లాగారు కదా?” అన్నాడు తలెత్తకుండానే.

లాగారు. పాటల పెట్టె పన్నెండు వోల్టులది, బండి ఇరవై నాలుగు. డ్రైవరు తెలివిగా ఒక్క బ్యాటరీ నుంచే వైరు తీశాడు. పాట ఆపినా ఆ పెట్టె పూర్తిగా నిద్రపోదు. గడియారానికి, స్టేషన్లు గుర్తుపెట్టుకోవడానికి, దానికి తగిలించిన ఆంప్లిఫయరుకి కలిపి 50 మిల్లీ ఆంపియర్లు తాగుతూనే ఉంటుందనుకోండి. రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు, అరవై రోజులకి 72. మరో 20 మిల్లీ ఆంపియర్లు జీపీఎస్ డబ్బాకి, రెండు బ్యాటరీల నుంచీ. 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో మూడింట రెండు వంతులు బండి ఒక్క అడుగు కదలకుండానే ఖర్చయిపోయింది.

దీనికి మందు ఒక చిన్న డబ్బా. ఇంగ్లీషులో బ్యాటరీ మెయింటెయినర్ అంటారు. చూడటానికి ల్యాప్‌టాప్ చార్జరులా ఉంటుంది, గోడకి తగిలించి నెలల తరబడి మర్చిపోవచ్చు. ఆ మర్చిపోవచ్చన్న మాట నిజమవడానికి నూరేళ్లకు పైనే పట్టింది.

కథ పారిస్‌లో మొదలవుతుంది. 1859లో గాస్టన్ ప్లాంటే అనే పాతికేళ్ల భౌతికశాస్త్రవేత్త రెండు సీసపు రేకుల మధ్య రబ్బరు పట్టీలు పెట్టి, చాపలా చుట్టి, పలచటి గంధకామ్లంలో ముంచాడు. కరెంటు ఎక్కిస్తే దాచుకుంటోంది, అడిగితే తిరిగిస్తోంది. అంతకుముందు బ్యాటరీ అంటే ఒకసారి వాడి పారేసేదే. (ఈయనకి ఇంకో ఘనత ఉంది. పారిస్ దగ్గర మ్యూడాన్‌లో దొరికిన ఒక బ్రహ్మాండమైన శిలాజ పక్షికి 1855లో ఆయన పేరు మీదే గాస్టార్నిస్ అని పెట్టారు. మనిషికన్నా ఎత్తు, ఎగరడం రాదు.) ప్లాంటే బ్యాటరీకి ఒక విచిత్రమైన గుణం ఉండేది. కొత్తలో దేనికీ పనికిరాదు. నెలల తరబడి నింపుతూ, ఖాళీ చేస్తూ, తిప్పి నింపుతూ ఉంటే సీసం పైపొర గుల్లబారి అప్పుడు బలం పుంజుకుంటుంది. పనిచేసేకొద్దీ బాగుపడే వస్తువన్నమాట. పైగా అప్పటికి సరైన డైనమో లేదు, పారేసే బ్యాటరీలతోనే దీన్ని నింపాలి. 1881లో కమీల్ ఫోర్ సీసపు ఆక్సైడును ముద్ద చేసి రేకుల మీద పూసేసరికి ఆ నెలల తపస్సు తప్పింది. ఇప్పటి లారీ బ్యాటరీలోనూ ఉన్నది ఆ ముద్దే, దాన్ని పట్టి ఉంచే జల్లెడలాంటి సీసపు చట్రమే.

ఒక్కో సెల్లు రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది, ఆరు కలిస్తే పన్నెండు. ఇంత వోల్టేజీ ఎందుకొస్తుందో 2011లో ఐదుగురు శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. వారిలో స్వీడన్‌లో పనిచేసే రాజీవ్ అహూజా ఒకరు. సీసం పరమాణువు బరువైనది. దాని కేంద్రకం దగ్గర ఎలక్ట్రాన్లు కాంతివేగంతో పోల్చదగ్గ జోరుతో తిరుగుతాయి కాబట్టి ఐన్‌స్టీన్ సాపేక్షత అక్కడ పనిచేస్తుంది. ఒక్కో సెల్లులోని 2.1 వోల్టుల్లో 1.7 నుంచి 1.8 దాకా దాని చలవేనట. అంటే మా బావగారి లారీ సెల్ఫ్ తిరిగేది చాలామటుకు సాపేక్ష సిద్ధాంతం మీదే. ఈ మాట ఆయనకి చెబితే, “మరి మొన్న ఎందుకు తిరగలేదో ఆయన్నే అడుగు” అన్నారు.

సరే, ఎందుకు తిరగలేదు? బ్యాటరీ ఖాళీ అవుతున్నప్పుడు రెండు రకాల ప్లేట్ల మీదా సీసపు సల్ఫేట్ ఏర్పడుతుంది, ఆసిడ్ పలచబడుతుంది. షాపాయన గ్రావిటీలో చూసింది ఆ పలచదనాన్నే. కొత్తగా ఏర్పడిన సల్ఫేట్ సన్నటి పలుకులుగా ఉంటుంది. వెంటనే కరెంటు ఎక్కిస్తే తేలిగ్గా కరిగి మళ్లీ సీసంగా, ఆక్సైడుగా మారిపోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే సన్న పలుకులు కరిగిపోతూ పెద్ద పలుకులు ఇంకా పెద్దవవుతాయి. చక్కెర పాకంలో దారం వేలాడదీసి కదపకుండా ఉంచితే పటికబెల్లం పెరుగుతుంది చూడండి, ఇదీ అంతే. ఆ గట్టి పలుకుల్ని మామూలు చార్జింగ్ కరిగించలేదు. సల్ఫేట్ పట్టిన మేరకు ప్లేటు చచ్చిపోయినట్టే.

పాటల పెట్టె, జీపీఎస్ డబ్బా లేకపోయినా ఇది తప్పదు. బ్యాటరీ తనలో తానే కొంత తినేస్తుంది. చట్రం గట్టిపడాలని సీసంలో కలిపే ఆంటిమొనీ ఇందుకు ముఖ్య కారణం. ఎండ ఎక్కువైతే ఆ తిండీ పెరుగుతుంది, పది డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపు. రోహిణి కార్తెలో నిలబెట్టిన బండి, డిసెంబరులో నిలబెట్టిన బండి ఒకటి కావు.

1912లో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ కాడిలాక్ కార్లలోకి వచ్చాక హ్యాండిల్ తిప్పే బాధ తప్పింది, బ్యాటరీకి కొత్త ఉద్యోగం దొరికింది. రెండు మూడు సెకన్లపాటు వందల ఆంపియర్లు పొయ్యాలి, తర్వాత ఇంజను తిరుగుతుంటే తీరిగ్గా నిండాలి. రోజూ తిరిగే బండిలో ఈ ఉద్యోగం సుఖమైనదే. చిక్కంతా అరుదుగా తిరిగే బండిది. కోతల కాలంలో తప్ప బయటికి రాని హార్వెస్టరు, బ్రహ్మోత్సవాలకి తీసే దేవస్థానం బండి, ఫైరింజను.

అలాంటి బండికి మొదట్లో జనం చేసింది మామూలు చార్జరునే తగిలించి వదిలెయ్యడం. ట్రాన్స్‌ఫార్మరు, రెండు డయోడ్లు, అంతే. బ్యాటరీ నిండిందో లేదో దానికి తెలీదు, పోస్తూనే ఉంటుంది. నిండాక ఎక్కే కరెంటు ఆసిడ్‌లోని నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. మా బావగారు ఒక ఏడాది ఈ పనే చేశారు. పది రోజుల తర్వాత బిరడా తీస్తే నీళ్లు సగానికి దిగి, ప్లేట్ల నెత్తులు ఎండలో ఎండిన చేపల్లా బయటికి కనిపిస్తున్నాయి. చెయ్యి పెడితే పెట్టె వేడిగా ఉంది. పస్తులతో చావాల్సింది అజీర్తితో చచ్చింది.

మధ్యేమార్గం దొరికింది వాహనాల దగ్గర కాదు, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో. కరెంటు పోయినా ఫోను మోగాలి కాబట్టి అక్కడ 48 వోల్టుల బ్యాటరీల వరసలు ఎప్పుడూ నిండుగా, చార్జరుకి అంటుకునే ఉంటాయి. ఎప్పుడో వచ్చే కరెంటు కోత కోసం ఏళ్ల తరబడి కాచుకునే ఉద్యోగం. ఎక్కువ వోల్టేజీ పెడితే నీళ్లు పోతాయి, తక్కువ పెడితే సల్ఫేట్ పడుతుంది. ఆ రెంటి నడుమ ఒక సన్నటి గీత ఉందని, అక్కడ నిలబెడితే బ్యాటరీ తను పోగొట్టుకున్నంతే తీసుకుంటుందని వాళ్లు అనుభవంతో పట్టుకున్నారు. దాన్నే ఫ్లోట్ అంటారు. 1930లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ వాళ్లు ఆంటిమొనీ బదులు కాల్షియం కలిపిన చట్రాలు చేశారు, బ్యాటరీ తనను తాను తినడం బాగా తగ్గింది. తిరుపతి దగ్గర కరకంబాడిలో పుట్టిన అమరరాజా కంపెనీ కూడా ముందు చేసింది ఇలా కాచుకుని కూర్చునే బ్యాటరీలే. బళ్ల బ్యాటరీల్లోకి 2000లో వచ్చింది.

ఆ సన్నటి గీత మీద నిలబడే నేర్పు అరచేతి డబ్బాలోకి దిగడానికి చిప్‌లు రావాలి. 1980లలో యూనిట్రోడ్ కంపెనీ యూసీ3906 అని, అచ్చంగా సీసపు బ్యాటరీని నింపడానికే ఒక చిప్ చేసింది. అలాంటి చిప్‌ల పుణ్యాన చార్జరు వోల్టేజీ చూసి తన నడక మార్చుకోవడం నేర్చింది. చలివేంద్రం కుండ నింపే మనిషిని తలచుకోండి. మొదట బిందెతో గుమ్మరిస్తాడు. మెడ దాకా వచ్చాక చెంబుతో నెమ్మదిగా పోస్తాడు; బ్యాటరీకి ఇక్కడ 14.4 వోల్టులు పట్టి ఉంచితే కరెంటు తనంతట తనే తగ్గుతూ వస్తుంది. నిండాక ఎండకి ఎగిరిపోయినంతే కలుపుతాడు. ఇది ఫ్లోట్, 13.5 వోల్టులకు అటూ ఇటూ.

ఈ అంకెలు 25 డిగ్రీల దగ్గరివి. డిగ్రీ పెరిగినప్పుడల్లా పన్నెండు వోల్టుల బ్యాటరీకి సుమారు 20 మిల్లీ వోల్టులు తగ్గించాలి. పెట్టెలో 42 డిగ్రీలుంటే మూడోవంతు వోల్టు తేడా. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, ఉష్ణోగ్రత చూసుకోని చవక డబ్బా మన వేసవిలో ఆ తేడాతోనే నెమ్మదిగా నీళ్లు ఎగరగొడుతుంది. కొనేవాళ్లు పెట్టె మీద ముందు చూడాల్సింది ఈ ఒక్క సంగతి. చచ్చిన బ్యాటరీని పల్స్‌లతో బతికిస్తామనే ప్రకటనల్ని నేను పెద్దగా నమ్మను. పటికబెల్లం కట్టకముందైతే ఏ మంచి చార్జరైనా చాలు, కట్టాకైతే పల్సూ అంతంత మాత్రమే.

“వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచితే పోదా?” అని బావగారి వాదన. సగం లారీల వాళ్లు ఇదే చేస్తారు. లెక్క చూద్దాం. ఒక్క స్టార్టుకి 400 ఆంపియర్లు మూడు సెకన్లు అనుకున్నా, ఖర్చు అర ఆంపియర్ అవరు కూడా కాదు. అది తిరిగొస్తుంది. కానీ పాటల పెట్టె, జీపీఎస్ కలిసి వారానికి తాగేది దాదాపు పన్నెండు. పది నిమిషాల ఐడిలింగులో అంత ఎక్కదు. పైగా చివరి అయిదో వంతు నిండటానికి బ్యాటరీ గంటలు తీసుకుంటుంది, ఎంత తొందరపెట్టినా వినదు. కటాఫ్ స్విచ్ తిప్పడం ఇంతకన్నా నయం, ఖర్చు లేదు. బయటి కారుడు ఆగుతుంది, లోపలి తిండి ఆగదు. నెలకి మించి నిలబెట్టేదైతే డబ్బా కావాలి. దగ్గర ప్లగ్గు లేకపోతే క్యాబిన్ మీద రెగ్యులేటరుతో చిన్న సోలార్ పలక.

ఫైరింజన్లకి ఈ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. చాలా దేశాల్లో స్టేషన్‌లో ఉన్నంతసేపూ వాటికి గోడ నుంచి కరెంటు వైరు తగిలించే ఉంటుంది. గంట మోగాక వైరు పీకడం మర్చిపోయి లాక్కుపోకుండా, సెల్ఫ్ కొట్టగానే ప్లగ్గు దానంతట అదే ఎగిరి కింద పడే ఏర్పాటు కొన్ని బళ్లకి ఉంటుంది.

మా లారీకి షాపాయన 24 వోల్టుల డబ్బా ఒకటి వద్దన్నాడు. జోడీకి ఒకేసారి పెడితే నిండుగా ఉన్నదానికి ఎక్కువవుతుంది, నీరసంగా ఉన్నదానికి చాలదు. పన్నెండు వోల్టులవే రెండు, దేని పట్టుకారులు దానికి. ఒకదాని అవుట్‌పుట్‌తో రెండోదానికి లోపల సంబంధం లేని రకమే కొనాలని మరీ మరీ చెప్పాడు, లేకపోతే షార్టవుతుంది. పట్టుకారులు పెట్టాకే స్విచ్ వెయ్యాలి, పెట్టె మూత తీసి ఉంచాలి, చుట్టుపక్కల బీడీ వద్దు. గాలిలో హైడ్రోజన్ నాలుగు శాతం చేరితే నిప్పురవ్వ చాలు.

రెండో బ్యాటరీ కోలుకోవడానికి మూడు రోజులు పట్టింది. పూర్తిగా కోలుకోలేదు, గ్రావిటీ 1220 దగ్గరే ఆగింది. ఈ సార్వా దాకా లాగుతుందన్నాడు.

“ఆ టేపురికార్డరు వైరు పీకెయ్యండి బావగారూ” అన్నాను.

“పాటల్లేకపోతే డ్రైవరు రాడయ్యా” అన్నారు. సాయంత్రం భీమవరం వెళ్లి, ఇరవై నాలుగుని పన్నెండు చేసే కన్వర్టరు ఒకటి, దానికో స్విచ్చూ కొనుక్కొచ్చారు.