మనోవ్యాధికి మందుంది... అందేది కొందరికే!

మనోవ్యాధికి మందు లేదన్నది తరతరాలుగా మన నాలుకలపై నానుతున్న సామెత. ఆందోళన, అకారణ భయాల విషయంలో మాత్రం ఆ సామెతకు ఏనాడో కాలం చెల్లింది. లిఫ్టు ఎక్కాలంటే వణుకు, సూది చూస్తే కళ్లు తిరగడం, నలుగురిలో నోరు విప్పాలంటే గుండె దడ వంటి బాధలను చాలా సందర్భాలలో మాత్రల అవసరం లేకుండా, మాటలతోనే అదుపులోకి తేవచ్చునని దశాబ్దాల పరిశోధనలు రుజువు చేశాయి. అయితే ఆ చికిత్స చేయగలవారు ఎందరున్నారు, అందుకయ్యే ఖర్చును ఎవరు భరిస్తారు అన్న ప్రశ్నలకే దేశంలో ఇప్పటికీ సరైన సమాధానం లేదు.

బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నిర్వహించింది. వయోజనులలో నూటికి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నట్లు అందులో తేలింది. ఆందోళన, కుంగుబాటు వంటి సాధారణ రుగ్మతలున్న వారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా వెల్లడైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ 12 రాష్ట్రాలలో లేకపోవడం గమనార్హం.

భయం పెరిగేది ఇలా...

భయపెట్టే వస్తువు నుంచి తప్పుకోగానే మనసుకు ఊరట కలుగుతుంది. ఆ ఊరటే అసలు ఉచ్చు. తప్పించుకోవడం వల్లనే గండం గడిచిందని మనసు నమ్ముతుంది. మరుసటిసారి భయం మరింత పెరుగుతుంది. లిఫ్టుకు భయపడే మనిషికి తోడుగా ప్రేమతో రోజూ మెట్లెక్కే కుటుంబ సభ్యులు కూడా తెలియకుండానే ఆ భయాన్ని పోషిస్తుంటారు.

చికిత్స ఇందుకు పూర్తిగా విరుద్ధమైన మార్గంలో సాగుతుంది. దక్షిణాఫ్రికాకు చెందిన మనోవైద్యుడు జోసెఫ్ వోల్పే 1958లో ప్రచురించిన గ్రంథంలో, శరీరాన్ని సడలించుకుంటూ భయకారణాన్ని మెట్టుమెట్టుగా ఎదుర్కొనే పద్ధతిని వివరించారు. భయం వెనుక ఉన్న తప్పుడు ఆలోచనలను పరీక్షించి సరిదిద్దే విధానాన్ని అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ 1960వ దశకంలో రూపొందించారు. ఈ రెండు పాయలు కలిసి ఏర్పడినదే నేటి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ.

'భయపడకు' అని ధైర్యం చెప్పడం ఈ చికిత్స కాదు. రోగి, చికిత్సకుడు కలిసి ముందుగా భయాలను చిన్నవాటి నుంచి పెద్దవాటి వరకు వరుసగా రాసుకుంటారు. మొదట లిఫ్టు ముందు నిలబడడం, తర్వాత తలుపు తెరిచి ఉండగా లోపలికి వెళ్లడం, ఆపై తోడుతో ఒక్క అంతస్తు ఎక్కడం, చివరకు ఒంటరి ప్రయాణం. భయం దానంతటదే తగ్గుముఖం పట్టేవరకు ప్రతి మెట్టు వద్దా ఆగుతారు. పారిపోకుండానే భయం తగ్గుతుందని రోగి స్వయంగా తెలుసుకోవడమే ఇందులోని కీలకం.

సూది, రక్తం చూస్తే కలిగే భయం తీరు వేరు. అందులో రక్తపోటు హఠాత్తుగా పడిపోయి రోగి స్పృహ కోల్పోవచ్చు. అటువంటివారికి సడలింపునకు బదులు చేతులు, కాళ్ల కండరాలను బిగించడం నేర్పుతారు. ఇన్సులిన్ సూదిపైనే ఆధారపడిన మధుమేహ రోగికి ఇది ప్రాణావసరం.

గోవా చెప్పిన పాఠం

దేశంలో నిపుణుల కొరత తీవ్రంగా ఉన్నందున ఈ చికిత్స సామాన్యుడికి అందని ద్రాక్షేనన్న వాదన ఉంది. గోవాలో సంగత్ సంస్థ జరిపిన ప్రయోగం ఈ వాదనను చాలావరకు పూర్వపక్షం చేసింది. మనోవైద్య పట్టాలు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రయోగంలో పాల్గొన్న 24 వైద్య కేంద్రాలలో సగం చోట్ల ఆందోళన, కుంగుబాటు రోగులకు వైద్యుల సహకారంతో సేవలు అందించారు. లాన్సెట్ పత్రిక 2010లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ప్రభుత్వ కేంద్రాలలో ఈ సేవలు పొందిన రోగులలో ఆరు నెలల తర్వాత సుమారు 66 శాతం మంది కోలుకున్నారు. ఇవి లేనిచోట కోలుకున్నవారు 43 శాతానికి మించలేదు. అయితే ప్రైవేటు వైద్యుల వద్ద ఇటువంటి తేడా కనిపించలేదు.

పాకిస్తాన్‌లోని రావల్పిండి ప్రాంతంలోనూ మహిళా ఆరోగ్య కార్యకర్తలకు ఇటువంటి శిక్షణే ఇచ్చారు. ఆలోచనా ధోరణిని మార్చే ఈ పద్ధతితో తల్లులలో ప్రసవకాలపు కుంగుబాటు సగానికి పైగా తగ్గినట్లు 2008లో వెల్లడైంది.

బీమా ఉన్నా భరోసా ఏదీ?

మానసిక అనారోగ్యానికి కూడా శారీరక వ్యాధులతో సమానంగా బీమా కల్పించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్దేశించింది. ఈ చట్టం 2018 మే నెలలో అమలులోకి వచ్చింది. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బు చెల్లిస్తాయి. అకారణ భయానికి మంచం అక్కరలేదు. వారానికొకసారి గంటసేపు కుర్చీలో కూర్చుంటే చాలు. ఆ గంటకయ్యే రుసుము మాత్రం రోగి జేబు నుంచే పోతున్నది. రోజుకూలీపై బతికేవారికి దానితోపాటు పని దినమూ నష్టమే. చట్టం ఇచ్చిన సమానత్వం సరిగ్గా ఈ మాటల చికిత్స గుమ్మం దగ్గరే ఆగిపోతున్నది.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ కొంత ఊరట. 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనూ ఉచితంగా సలహా పొందవచ్చు. అయితే ఫోను తొలి మెట్టు మాత్రమే. మెట్టుమెట్టుకూ వెంట నిలిచే మనిషి సమీపంలోని ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. స్థానిక కార్యకర్తలకు శిక్షణ, వారిపై నిపుణుల పర్యవేక్షణ, ఆసుపత్రిలో చేరనవసరం లేని చికిత్సకూ బీమా వర్తింపు... ఈ మూడూ సమకూరనంతకాలం, మందున్న వ్యాధికి కూడా మందు లేదనే సామెతే సామాన్యుడికి మిగులుతుంది.