మౌనము అంగీకారము కారాదు

రామగిరి ప్రాంతపు భూగర్భ గనులలో కార్మికులు పనిస్థలమునకు చేరకముందే సర్దారు అచ్చటికి వెళ్లి, పైకప్పును తట్టి చూచి, మీథేన్ వాయువు ఉన్నదేమో పరీక్షించును. ఆతడు సరియన్నగాని పని మొదలు కాదు.

ఇట్టి ముందుచూపు కంప్యూటరులోని మార్పులకును అవసరము. ప్రాణాపాయము లేకున్నను, దోషమున్న ఒక్క అప్‌డేట్ వేలకొలది యంత్రములలో ఒకేసారి ప్రవేశింపగలదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్‌కు నేడు అనేక రూపములున్నవి. వానిలో ఒకటియగు ఫెడోరాలో ఈ పరీక్ష ఎట్లు జరుగునో మనవి చేసెదము.

ఫెడోరాలో క్రొత్త ప్యాకేజీ అందరికిని పోకముందు పరీక్షా భాండారములో వేచియుండును. దానిని వాడి చూచినవారు ‘బోధి’ యను వెబ్‌సైటులో తమ తీర్పు తెలుపుదురు. బాగున్నచో ఒకటి కలుపుదురు. చెడినచో ఒకటి తీసివేయుదురు. ఈ లెక్కకు పెట్టిన పేరు ‘కర్మ’. అనుకూలమైన తీర్పులు తగినన్ని వచ్చినను, ప్రతికూలముగా ఎవ్వరును పలుకకయే సాధారణముగా 7 దినములు, ముఖ్యమైనవానికి అంతకెక్కువ గడచినను, ఆ ప్యాకేజీ అందరికిని పోవచ్చును. మౌనము అర్ధాంగీకారమందురు, ఇచ్చట పూర్ణాంగీకారమే యగుచున్నది.

ఇందు తెలుగువారికొక ప్రత్యేక బాధ్యత కలదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ప్యాకేజీలుగనే ఫెడోరాలో చేరినవి. తెరపై అక్షరములను పేర్చు హార్ఫ్‌బజ్ కూడ ఒక ప్యాకేజీయే. వీనిలో దేనిని మార్చినను, ‘లక్ష్మి’లోని ఒత్తు చెదరినదా, ‘స్త్రీ’ చీలినదా యని తెలుగు చదువరియే కనిపెట్టవలెను.

పద్ధతి కష్టమైనది కాదు. బోధి పుటలో ప్రతి అప్‌డేట్‌కును, దానిని మాత్రమే తెచ్చు ఆజ్ఞ వ్రాసియుండును. దానిని టెర్మినల్‌లో అతికించిన చాలును. ‘ఫెడోరా ఈజీ కర్మ’ యను పరికరమైతే, మన యంత్రములో పరీక్షాదశలోనున్న ప్యాకేజీలను తానే వెదకి, ఒక్కొక్కదానిని గూర్చి ప్రశ్నించి, మన జవాబును బోధికి చేర్చును. నిత్యము వాడు కంప్యూటరును కదల్పుటకు జంకువారు ‘గ్నోమ్ బాక్సెస్’లో వేరొక ఫెడోరాను స్థాపించి, స్నాప్‌షాట్ తీసి, పిదప పరీక్షింపవచ్చును. చెడినచో వెనుకటి స్థితికి మరలవచ్చును.

తీర్పునందు రెండు నియమములు పాటింపుడు. స్వయముగా వాడి చూడనిదానిని బాగున్నదనకుడు. చెడినదన్నపుడు, ఏమి చేయగా ఏమి జరిగినదో వ్రాయుడు. తెలుగులో నాలుగు వాక్యములు టైపుచేసి చూచుటకు ఐదు నిమిషములు చాలును. ఆపాటి శ్రమ మనము తీసికొననిచో, మన అక్షరములను మనకు బదులుగా చూచువారెవ్వరును లేరు.