పంజాబు నుండి చెన్నపట్నమునకు: సహోదరుడు భక్తసింగుగారి జీవితము, సేవ

చెన్నపట్నములో తెలుగు పలుకు వారము నేడు అల్పసంఖ్యాకులమను సంగతి మన విద్యార్థులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఇంట నొక భాష, వీధిలో నొక భాష, చదువులో మరియొక భాష. ఇట్టి స్థితి మనకు మాత్రమే కలిగినది కాదు. దూరప్రాంతము నుండి ఈ నగరమునకు వచ్చి, ఇచ్చటి భాషలు తమ మాతృభాషలు కాకున్నను వేలకొలది జనులకు ఆప్తులైనవారు కలరు. అట్టివారిలో పంజాబు నుండి వచ్చిన భక్తసింగుగారు ఒకరు. వారి మతమును అవలంబించిన వారికిని, అవలంబింపని వారికిని గూడ వారి చరిత్రము తెలిసికొనదగినది. కనుక దానిని ఇచ్చట సంగ్రహముగా చెప్పబూనితిమి.

భక్తసింగుగారు 1903వ సంవత్సరము జూన్ 6వ తేదీన, నేడు పాకిస్తానులో చేరియున్న పంజాబు భాగమున, జోయియా అను గ్రామములో జన్మించిరి. వారిది సిక్కు సంప్రదాయమును పాటించు కలిగిన కుటుంబము. బాల్యమున క్రైస్తవ మిషను పాఠశాలలో చదివినను వారికి ఆ మతముపై ప్రీతి కలుగలేదు. బహుమానముగా వచ్చిన బైబిలు గ్రంథమును చించివేసి, అందమైన తోలు అట్టను మాత్రము దాచుకొంటినని వారే అనేక పర్యాయములు సభలలో చెప్పుచుండెడివారు.

లాహోరులో కళాశాల విద్య ముగించి, 1926లో ఇంగ్లండునకు వెళ్లి, లండనులోని కింగ్స్ కళాశాలలో ఇంజనీరింగు చదివిరి. 1928లో కెనడాకు ప్రయాణము చేయుచు, ఓడలో జరిగిన ఆరాధనకు కుతూహలముచే వెళ్లిరి. ఇతరులు మోకరించినప్పుడు తామొక్కరే నిలిచియుండుట మర్యాద కాదని తలచి మోకరించిరి. ఆ క్షణముననే తమలో గొప్ప మార్పు ప్రారంభమైనదని వారి సాక్ష్యము. తరువాత విన్నిపెగు నగరములో వ్యవసాయ ఇంజనీరింగు చదువుచు, 1929 చివర క్రొత్త నిబంధనను శ్రద్ధతో పఠించి క్రైస్తవ విశ్వాసమును స్వీకరించిరి. 1932 ఫిబ్రవరి 4వ తేదీన వాంకూవరులో బాప్తిస్మము పొందిరి.

సేవకు పూనుకొనుటకు ముందు వారు మూడు నియమములను ఏర్పరచుకొనిరి. కుటుంబ ఆస్తిపై హక్కు వదలుకొనుట మొదటిది. ఏ మిషను సంస్థయందును చేరక, అందరికిని సమముగా సేవ చేయుట రెండవది. స్వంత ఏర్పాట్లు చేసికొనక దైవచిత్తమునకు లోబడి నడచుట మూడవది. ఈ నియమములే వారి తరువాతి జీవితమునకు పునాదిరాళ్లు.

1933లో బొంబాయి రేవునకు చేరగా తల్లిదండ్రులు ఎదురువచ్చిరి. కుటుంబ గౌరవము కొరకు క్రొత్త విశ్వాసమును రహస్యముగా నుంచుమని వారు కోరిరి. కుమారుడు అంగీకరింపలేదు. తల్లిదండ్రులు ఆయనను విడిచి తిరిగిపోయిరి. ఇంజనీరింగు చదివి విదేశముల నుండి వచ్చిన యువకుడు చేతిలో నేమియు లేక కరాచీ వీధులలో, పాకీ పనివారి పేటలలో బోధింపసాగెను. తల్లిదండ్రుల దుఃఖము స్వల్పమైనది కాదు. కుమారుని దృఢత్వమును స్వల్పమైనది కాదు. ఇరుప్రక్కల నున్న బాధను గుర్తింపక ఈ ఘట్టమును చదువుట న్యాయము కాదు.

1930ల చివర వారు మదరాసునకు వచ్చిరి. అప్పటికి ఈ రాజధానిలో తమిళ జిల్లాలతోపాటు తెలుగు జిల్లాలును ఉండెను. గుంటూరున లూథరను వారు, నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో అమెరికను బాప్టిస్టులు, ఇట్లు ఒక్కొక్క సీమలో ఒక్కొక్క విదేశ మిషను సంఘములను స్థాపించియుండెను. భక్తసింగుగారు తొలుత ఈ సంఘములలోనే బోధించిరి. జనులు గుంపులుగా వచ్చిరి. కాని కొన్ని సంఘముల పెద్దలకు వారి పద్ధతి నచ్చలేదు. కొన్ని వేదికలు వారికి మూయబడెను. క్రొత్తగా విశ్వసించినవారు ఎచ్చట కూడవలెనను ప్రశ్న పుట్టెను. ఏ సంస్థలోను చేరనని నియమము పెట్టుకొనిన మనిషికి ఇది చిక్కు ప్రశ్నయే. పల్లావరము కొండపై సహచరులతో రాత్రియంతయు ప్రార్థించిన పిమ్మట వారొక నిశ్చయమునకు వచ్చిరి. 1941 జూలై 12వ తేదీన మదరాసులో ‘యెహోవా షమ్మా’ అను కూటము ఆరంభమాయెను. ఇది హీబ్రూ పదము. దేవుడున్న స్థలమని అర్థము. వేపేరిలో ఆ పేరుగల మందిరమును మన పాఠకులలో కొందరు చూచియుందురు.

ఈ కూటముల పద్ధతిని కొంత వివరింతుము. జనులు బల్లలపై గాక నేలపై పరచిన చాపలపై కూర్చుందురు. ధనికుడైనను పేదయైనను ఆసనము ఒక్కటియే. జీతముపై నియమింపబడిన గురువుకు బదులు పెద్దలు కొందరు కలిసి సంఘమును నడిపింతురు. ఆరాధన అనంతరము అందరును కలిసి భుజించుదురు; దీనికి ప్రేమవిందు అని పేరు. కులభేదములు మందిరములలోనికి సైతము చొచ్చుకొని వచ్చిన దేశములో, ఒకే వంటను ఒకే పంక్తిలో తినుట సామాన్య విషయము కాదు. 1941 డిసెంబరులో మొదటి పరిశుద్ధ సమాజకూటము మదరాసులోనే జరిగెను. దూరగ్రామముల వారు పలుదినములు ఒక్కచోట నివసించి, వినుచు, పాడుచు, వండి వడ్డించుచు గడపుట ఈ కూటముల విశేషము.

ఇక భాష మాట. భక్తసింగుగారు ఇంగ్లీషున బోధించుచుండగా, ప్రక్కన నిలిచిన అనువాదకులు వాక్యము వెంట వాక్యముగా తమిళములోను, తెలుగులోను చెప్పుచుండిరి. బోధకుడు ఒక వాక్యము పలికి ఆగవలెను. అనువాదకుడు దాని భావమును, తీవ్రతను గూడ నిలుపవలెను. వక్త తొందరపడినచో అనువాదము చెడును. అనువాదకుడు తన మాటలు చేర్చినచో బోధ చెడును. ఇద్దరికిని వినయము కావలెను. పంజాబీయుని మాట ఆంధ్ర గ్రామముల గుండెలకు చేరినదన్న, అందు ఈ అనువాదకుల శ్రమకు సగము భాగమున్నదని మా అభిప్రాయము.

1950లో హైదరాబాదున ‘హెబ్రోను’ అను కేంద్రము స్థాపింపబడెను. క్రమముగా సేవకు అదియే ప్రధానస్థానమై, ఏటేట జరుగు సమాజకూటములకు ప్రసిద్ధి వహించెను. తెలుగునాట అనేక గ్రామములలో ఈ తీరు సంఘములు వెలసెను. ఇంగ్లండు నుండి వచ్చిన ఫ్రెడ్ ఫ్లాక్, రేమండ్ గోల్స్‌వర్దీగారలు వారికి తోడ్పడిరి. విదేశీయులు ఇచ్చట యజమానులుగా గాక సహపనివారుగా మెలగుట గమనింపదగిన సంగతి. 1947 సెప్టెంబరు 27వ తేదీన మదరాసు సెయింట్ జార్జి కథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుటతో పోల్చి చూచిన, స్వదేశ క్రైస్తవమునకై ఆ దశాబ్దములో రెండు వేరు దారులు తెరువబడెనని తెలియును. ఒకటి ఉన్న సంఘముల ఐక్యత. రెండవది క్రొత్త కూటముల స్థాపన.

చివరి సంవత్సరములలో పార్కిన్సను వ్యాధిచే భక్తసింగుగారు మంచము పట్టిరి. 2000వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన హైదరాబాదులో పరమపదించిరి. అంత్యక్రియలకు అపారమైన జనసమూహము తరలివచ్చెను. పంజాబున పుట్టిన ఆయన దేహము తెలుగు నేలపై నారాయణగూడ సమాధులలో నిక్షేపింపబడెను.

విద్యార్థులారా! మీలో అనేకులు ఇంట తెలుగును, బయట తమిళమును సమముగా పలుకగలరు. దీనిని భారమని తలచుచున్నవారు భక్తసింగుగారి ప్రక్కన నిలిచిన అనువాదకులను తలచుకొనుడు. రెండు భాషలు చక్కగా తెలిసినవాడు ఇరుప్రజలకు వంతెన. అయితే వంతెనకు రెండు గట్లును గట్టిగా నుండవలెను. తల్లిభాషను చదువక విడిచినచో ఒక గట్టు కూలినట్లే. కావున తల్లిదండ్రులు బిడ్డలకు తెలుగు చదువును, వ్రాతను తప్పక నేర్పింపవలెనని, పొరుగు భాషను గూడ ఆదరముతో అభ్యసింపజేయవలెనని మేము కోరుచున్నాము.