తుంగ వేరు, గరిక వేరు

తొలకరి తర్వాత మెట్‌పల్లిలో ఏ ఇంటి ముందు పచ్చికనైనా చూడండి. గరిక ఇంకా నేలను అంటిపెట్టుకునే ఉంటుంది. దాని నడుమ నాలుగు రోజుల్లోనే నిగనిగలాడే పోచలు జానెడు ఎత్తు లేస్తాయి. అదే తుంగ. పసుపు చేనులో, మక్క చేనులో రైతును ముప్పుతిప్పలు పెట్టేదీ ఇదే. పీకే ముందు, మందు కొట్టే ముందు దాని సంగతులు కొన్ని తెలుసుకుంటే సగం పని అయినట్టే.

వేళ్ల మధ్య తిప్పితే తెలిసిపోతుంది

తుంగను గడ్డి అంటాం గానీ అది గడ్డి కాదు. వరి, మక్క, చెరకు, గరిక ఒక కుటుంబం. తుంగది వేరే కుటుంబం. పువ్వు మోసే కాడను రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పండి. మూడు అంచులు తగులుతాయి. కణుపులు ఉండవు. గరిక కాడ గుండ్రంగా ఉంటుంది, కణుపులు స్పష్టంగా కనిపిస్తాయి.

లోకంలో మొదటిది, రెండోది

లెరాయ్ హోమ్, ఆయన తోటి శాస్త్రవేత్తలు 1977లో ప్రపంచంలోని మొండి కలుపు మొక్కల మీద ఒక పెద్ద గ్రంథం తెచ్చారు. అందులో మొదటి స్థానం తుంగది. రెండో స్థానం ఎవరిదో తెలుసా? మన గరికది. వినాయక చవితికి ఏరి తెచ్చుకునే ఈ గరికే నర్సరీల్లో ‘బెర్ముడా గ్రాస్’ పేరుతో లాన్ల కోసం అమ్ముడవుతుంది. అంటే పచ్చిక కాపాడుకోవడమంటే రెండోదాన్ని నిలుపుకుంటూ మొదటిదాన్ని సాగనంపడం.

గడ్డపారతో ఒక్క పెళ్ల లేపి చూడండి

నేల తడిగా ఉన్నప్పుడు తుంగ పక్కన గడ్డపార దించి ఒక పెళ్ల లేపండి. మట్టి మెల్లగా దులిపితే సన్నని తీగలాంటి వేరు వస్తుంది. దానికి జానెడు దూరంలోపే ఒక నల్లని గడ్డ, అక్కడి నుంచి మరో తీగ, మరో గడ్డ. దండకు గుచ్చినట్టే ఉంటాయి. ఒక గడ్డను గోటితో గిచ్చండి, లోపల తెల్లగా ఉండి ఘాటైన సువాసన వస్తుంది. పైన కనిపించిన నాలుగు ఆకులు తుంగ కాదు. అసలు తుంగ ఈ దండే.

పీకిన కొద్దీ ఎందుకు పెరుగుతుంది?

దండలో కొసన ఉన్న గడ్డ మొలకెత్తినంత కాలం మిగతావాటిని నిద్రలోనే ఉంచుతుంది. మనం పైన పట్టి లాగితే తీగ తెగుతుంది, కింద పడుకున్న గడ్డలు ఒక్కొక్కటే లేస్తాయి. ఒక పోచ పీకిన చోట రెండు మూడు రావడం అందుకే. మొలక పైకి వచ్చిన నాలుగు నుంచి ఆరు వారాల్లో కొత్త గడ్డలు కట్టడం మొదలవుతుంది. ఆ లోపు పట్టుకుంటేనే గెలుపు.

గరికను వదిలి తుంగను పట్టే మందు

గడ్డి మందుల్లో హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ ఒకటి. జపాన్‌కు చెందిన నిస్సాన్ కెమికల్ దీన్ని తయారుచేసింది. మన దగ్గర రైతులు ‘సెంప్రా’ అని అడిగి తీసుకుంటారు. ఇది ఆకు గుండా లోపలికి పోయి, మొక్క పెరగడానికి కావలసిన మూడు అమైనో ఆమ్లాల తయారీని ఆపేస్తుంది. గరిక, మక్క, చెరకు దాన్ని తమలో వేగంగా విరగ్గొట్టుకుంటాయి కాబట్టి తట్టుకుంటాయి. తుంగకు ఆ శక్తి లేదు. కొట్టిన మరునాడే మాడిపోదు. వారానికి పసుపు పచ్చబడి, రెండు మూడు వారాలకు ఎండుతుంది. తొందరపడి పీకేస్తే మందు గడ్డదాకా దిగదు.

100 గజాలకు ముప్పావు గ్రాము

చెరకు, మక్క చేలకు 75 శాతం గుళికల మందు ఎకరాకు 36 గ్రాములు. ఎకరా అంటే 4,840 గజాలు. ఆ లెక్కన 100 గజాల పచ్చికకు ముప్పావు గ్రాము, మూడు నాలుగు లీటర్ల నీళ్లు. చిటికెడు ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకోవద్దు, చిన్న తక్కెడలో తూచాల్సిందే. తుంగ మూడు నుంచి ఐదు ఆకుల మీద ఉన్నప్పుడు కొట్టాలి. దానికి రెండు రోజుల ముందు, రెండు రోజుల తర్వాత పచ్చిక కోయకూడదు. ముందు ఒక మూల కొట్టి చూసి, వ్యవసాయ అధికారిని అడిగి, ఆ తర్వాతే మిగతాది. ఆకు ఆరేదాకా పిల్లల్ని, మేకల్ని అటు పోనివ్వద్దు.

మక్కకు సరే, పసుపుకు కాదు

మెట్‌పల్లి, కోరుట్ల, ఆర్మూరు వైపు పసుపులో మక్క అంతరపంటగా వేయడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. మక్క తట్టుకుంటుంది కదా అని ఆ చేనులో ఈ మందు కొట్టవద్దు. పసుపు గడ్డి కుటుంబానిది కాదు, అల్లం కుటుంబానిది. పెరట్లో కొట్టేటప్పుడూ పక్కన పసుపు మడి, పూల మొక్కలు ఉంటే గాలి చూసుకోవాలి. గ్లైఫోసేట్ అనే మరో గడ్డి మందు అయితే గరికను కూడా చంపేస్తుంది. కేంద్రం 2022లో దాన్ని శిక్షణ పొందిన చీడ నియంత్రణ సిబ్బంది మాత్రమే వాడాలని కట్టడి చేసింది.

షీటునూ పొడుచుకు వస్తుంది, నీడకు మాత్రం లొంగుతుంది

తుంగ మొలక కొస సూదిలా ఉంటుంది. ఎత్తుమడుల మీద పరిచే మల్చింగ్ షీటును కూడా చీల్చుకుని పైకి వస్తుంది. కానీ నీడ పడితే నీరసిస్తుంది. పసుపు ఆకు గుబురుగా కమ్మాక చేనులో తుంగ తగ్గేది అందుకే. పచ్చిక ఒత్తుగా పెరిగితే అదే పని పెరట్లోనూ జరుగుతుంది. ఎండకూ లొంగుతుంది. ఎండాకాలంలో దున్ని బయటపడేసిన గడ్డలు మన ఎండకు ఎండి చచ్చిపోతాయి.

కలుపే కాదు, మందు కూడా

ఇవే గడ్డలు ఆయుర్వేదంలో తుంగముస్తలు. జ్వరానికి కాచి ఇచ్చే షడంగ పానీయంలో ఆరు దినుసుల్లో ఒకటి. సూడాన్‌లోని అల్ ఖిదాయ్‌లో దొరికిన పురాతన మనుషుల పళ్ల గారను పరిశీలించి, వాళ్లు తుంగ గడ్డలు తిన్నారని 2014లో పరిశోధకులు ప్రకటించారు. అక్కడివాళ్లలో పుచ్చుపళ్లు తక్కువగా ఉండడానికి ఇదే కారణం కావచ్చని వాళ్ల అంచనా.

ఇంత గట్టి మొక్క ఒక్కసారికి పోదు. చెరువు మట్టి, ఎర్రమట్టి పోయించేటప్పుడు చేత్తో నలిపి నల్లని గడ్డలు ఉన్నాయేమో చూడండి. మందు కొట్టిన చోటును మూడు వారాలకు ఒకసారి, ఆరు వారాలకు మరోసారి చూసి రండి. కొత్త మొలక కనిపిస్తే మూడు ఆకులు వేసేదాకా ఆగండి. గడ్డలోని బలం ఆకులకు ఎక్కే ఆ కొద్ది రోజులే మనవి.