ఓడకు దారి చూపే పైలట్

పటాన్‌చెరు వద్ద ముంబయి రోడ్డుపై వచ్చే లారీకి ఏదైనా అడ్డం వస్తే డ్రైవరు బ్రేకు నొక్కుతాడు. చక్రానికి, రోడ్డుకు మధ్యగల ఘర్షణ బండిని నిలుపుతుంది. వేల టన్నుల ఓడకు అటువంటి బ్రేకు లేదు. పంకాను వెనుకకు త్రిప్పినా, చాలా దూరం సాగిన తరువాతగాని అది ఆగదు. అటువంటి ఓడను ఇరుకైన కాలువగుండా రేవులోనికి చేర్చడం పైలట్ పని. ఈ పైలట్ విమానం నడిపేవాడు కాడు. ఒక రేవు నీటిని క్షుణ్ణంగా ఎరిగి, లైసెన్సు పొందిన నావికుడు.

విశాఖపట్నం రేవునే తీసుకొందాము. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ ఈ రేవులో ప్రవేశించింది. డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కగా త్రవ్విన కాలువే లోపలి రేవుకు దారి. 1908 నాటి భారత రేవుల చట్టం, ఈ నిబంధన వర్తించిన రేవులలో 200 టన్నులు, అంతకు మించిన ఓడలు పైలట్ గాని, రేవు అధికారి గాని లేనిదే కదలరాదని శాసించింది.

ఓడ ఎక్కడమే మొదటి గండం. పైలట్ చిన్న పడవలో వెళ్ళి, ఓడ ప్రక్కన వ్రేలాడే త్రాటి నిచ్చెనను అందుకోవాలి. కెప్టెన్ ఓడను త్రిప్పి గాలి మరుగు కల్పించినా, పడవ లేస్తూ పడుతూనే ఉంటుంది. అది కెరటం కొనకు లేచిన క్షణంలోనే నిచ్చెన మీదికి మారాలి. ఆలస్యమైతే, మరుసటి కెరటంతో పైకి లేచే పడవకు, ఓడ గోడకు నడుమ కాలు నలిగిపోగలదు. పైలట్ ఎక్కగానే తెలుపు, ఎరుపు సమభాగాలుగల జెండా ఎగురుతుంది. చేతి రేడియోలు లేని రోజులలో ఇటువంటి జెండాలు, ఓడ కూతలే సంభాషణ.

అసలు చిక్కు ఇప్పుడు మొదలవుతుంది. చుక్కాని పనిచేయాలంటే దాని ప్రక్కల నీరు వేగంగా పారాలి. ఓడ మరీ నెమ్మదిస్తే చుక్కాని మాట వినదు; తీరం వెంబడి సాగే ప్రవాహం ఓడను కాలువనుండి ప్రక్కకు నెడుతుంది. కనుక కాలువ ముఖద్వారంలో వేగం కావాలి. లోపల అదే వేగం అపాయకరం. ఓడ అడుగుకు, నేలకు మధ్య ఇరుకున నీరు త్వరగా పారుతుంది. అచ్చట, బెర్నూలీ సూత్రం ప్రకారం, పీడనం తగ్గుతుంది. ఫలితంగా ఓడ మరికొంత క్రిందికి దిగుతుంది. వేగం సగమైతే ఈ దిగుడు సుమారు నాలుగో వంతు అవుతుంది. ఒడ్డుకు చేరువగా పోతే ఓడ వెనుక భాగం ఒడ్డువైపు లాగబడి, ముందు భాగం అవతలికి తిరుగుతుంది. (గట్టిగా ఊదితే వ్రేలాడే రెండు కాగితాలు దగ్గరయ్యే ప్రయోగాన్ని ఉపాధ్యాయులు ఇచ్చట జ్ఞాపకం చేయవచ్చును.)

వేగం ఎక్కడ తగ్గించాలో పైలట్ నేర్చినది అనుభవం వలననే. గట్టుపై ఎత్తుగా నిలిపిన రెండు గుర్తులు ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తే ఓడ సరియైన గీతపై ఉన్నట్లు. లోతు కొలవడానికి త్రాటికి కట్టిన సీసపు గుండు ఉండేది. దాని అడుగున పూసిన కొవ్వుకు అంటుకొన్న ఇసుక, బురద కూడా చోటును తెలిపేవి.

పైలట్ ఆజ్ఞలిచ్చినా ఓడపై అధికారం కెప్టెన్‌దే. ఓడను కట్టివేసిన తరువాత పైలట్ చీటీపై కెప్టెన్ సంతకం తీసుకొని, మరొక ఓడకై వెళ్ళేవాడు.