పారదర్శకత ఒక్కటే చాలదు: సెల్యులోజ్ ఫిల్మ్‌ల తయారీ, పరీక్షా విధానాలు

పత్తి ఏరివేత ముగిసిన తరువాత పత్తి కట్టెను అనేక చోట్ల పొలంలోనే తగులబెడుతున్నారు. మరోవైపు, కూరగాయల మడులపై పరచిన పాలిథీన్ మల్చింగ్ షీటు ముక్కలై నేలలో మిగిలిపోతున్నది. పత్తిలోని సెల్యులోజ్‌ను కరిగించి పారదర్శక ఫిల్మ్‌గా మలిస్తే ఈ రెండు సమస్యలూ ఒకేసారి తీరుతాయన్న ఆశ సహజమే. అయితే ప్రయోగశాలలో గాజులా మెరిసే ఫిల్మ్‌ను రైతుకు చూపే ముందు దానిని ఏయే పరీక్షలకు గురిచేయాలో తెలుసుకోవడం అవసరం.

కరిగించడంలోని చిక్కు

సెల్యులోజ్ వేడికి కరిగేలోపే విఘటనం చెందుతుంది, నీటిలోనూ కరగదు. దాని పొడవైన గొలుసులు హైడ్రోజన్ బంధాలతో ఒకదానికొకటి గట్టిగా పెనవేసుకొని ఉండటమే ఇందుకు ముఖ్య కారణం. 1892లో క్రాస్, బెవాన్, బీడిల్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్తలు క్షారం, కార్బన్ డైసల్ఫైడ్‌ల సాయంతో విస్కోస్ ద్రావణాన్ని రూపొందించారు. 1908లో స్విట్జర్లాండ్ దేశస్థుడు బ్రాండెన్‌బర్గర్ విస్కోస్ నుంచి సెల్లోఫేన్‌ను తయారుచేశాడు. కాని కార్బన్ డైసల్ఫైడ్ నాడీమండలానికి హాని చేసే విషపదార్థం. అందువల్ల ఇతర ద్రావణుల కోసం అన్వేషణ సాగింది. చైనాలోని వుహాన్ విశ్వవిద్యాలయంలో లీనా ఝాంగ్ బృందం అభివృద్ధి చేసిన సోడియం హైడ్రాక్సైడ్–యూరియా పద్ధతి వాటిలో ముఖ్యమైనది.

తయారీ విధానం

బరువు ప్రకారం 7 పాళ్లు సోడియం హైడ్రాక్సైడ్, 12 పాళ్లు యూరియా, 81 పాళ్లు నీరు కలిపిన ద్రావణిని మైనస్ 12 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచాలి. ఎరువుగా వాడే వేప పూత యూరియా ఇందుకు పనికిరాదు. ప్రయోగశాల శ్రేణి యూరియానే వాడాలి. ఇందులో 4 శాతం మేర సెల్యులోజ్ వేసి వేగంగా కలియబెడితే కొద్ది నిమిషాల్లో కరుగుతుంది. గొలుసులు మరీ పొడవుగా ఉంటే పాక్షికంగానే కరుగుతుంది. పత్తి కట్టెలో లిగ్నిన్ ఎక్కువ కనుక ముందుగా దానిని తొలగించి, గుజ్జును తెల్లబరచాలి. విద్యార్థులు గింజపై మిగిలే పొట్టి నూగుతో మొదలుపెట్టడం సులభం.

ద్రావణాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి గాలి బుడగలను, కరగని పోగులను తొలగించాలి. చల్లగా ఉండగానే గాజు పలకపై పలుచగా పరచి, 5 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచితే సెల్యులోజ్ పొరగా గడ్డకడుతుంది. క్షారం, ఆమ్లం రెండూ ప్రమాదకరం కనుక చేతి తొడుగులు, కంటి అద్దాలు తప్పనిసరి. పొరను తటస్థమయ్యే వరకు కడిగి, మెత్తదనం కోసం గ్లిసరాల్ నీటిలో నానబెట్టి, చట్రానికి బిగించి ఆరబెట్టాలి. బిగించకపోతే ముడుచుకుపోతుంది.

పరీక్షలు

పారదర్శకత అందానికి సంబంధించిన గుణం మాత్రమే కాదు. కరగని పోగులు, సూక్ష్మ రంధ్రాలు కాంతిని చెదరగొడతాయి కనుక, అది కరిగిన తీరుకు తొలి సాక్ష్యం. ఫిల్మ్‌ను అచ్చు పేజీపై ఆనించినప్పుడు అక్షరాలు స్పష్టంగా కనిపించి, నాలుగు అంగుళాలు పైకెత్తగానే మసకబారితే కాంతి చెదురుతున్నదని అర్థం. 600 నానోమీటర్ల వద్ద కాంతి ప్రసారాన్ని కొలిచి, దానితోపాటు ఫిల్మ్ మందాన్నీ నమోదు చేయాలి. మందం చెప్పని కొలతకు విలువ లేదు.

తన్యతా బలాన్ని కొలిచే ముందు నమూనాలను 23 డిగ్రీల సెల్సియస్, 50 శాతం సాపేక్ష ఆర్ద్రత వద్ద ఉంచాలి. లేకుంటే మే నెల ఫలితానికీ ఆగస్టు ఫలితానికీ పొంతన కుదరదు. తడి నమూనాలనూ తప్పక పరీక్షించాలి. విస్కోస్ నూలు తడిసినప్పుడు తన బలంలో దాదాపు సగం కోల్పోతుంది. సెల్యులోజ్ ఫిల్మ్‌కూ ఈ బలహీనత ఉంది. పొడిగా ఉన్నప్పుడు అది ఆక్సిజన్‌ను బాగా అడ్డుకున్నా, నీటి ఆవిరిని అడ్డుకోలేదు.

నేలలో పాతిపెట్టే పరీక్షలో వడపోత కాగితాన్ని, పాలిథీన్‌ను పోలిక నమూనాలుగా ఉంచాలి. బరువు తగ్గినంత మాత్రాన కుళ్లినట్లు కాదు. గ్లిసరాల్ నీటిలో కొట్టుకుపోయినా, ముక్కలు జారిపోయినా బరువు తగ్గుతుంది. వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిస్తేనే నిర్ధారణ అవుతుంది. తేమను ఆపడానికి ఇతర ప్లాస్టిక్ పూత వేసిన ఫిల్మ్‌ను పూతతో సహా పరీక్షించాలి.

ఎకరం లెక్క

సెల్యులోజ్ సాంద్రత సుమారు 1.5. ఎకరం మొత్తాన్ని 25 మైక్రాన్ల ఫిల్మ్‌తో కప్పడానికి దాదాపు 150 కిలోల సెల్యులోజ్ కావాలి. పాలిథీన్ అయితే 93 కిలోలు చాలు. 4 శాతం ద్రావణం లెక్కన ఆ 150 కిలోలకు సుమారు 250 కిలోల సోడియం హైడ్రాక్సైడ్, 430 కిలోల యూరియా అవసరమవుతాయి. ద్రావణిని తిరిగి రాబట్టుకోలేకపోతే ఈ పద్ధతి రైతుకూ పర్యావరణానికీ భారమే. పైగా పారదర్శక ఫిల్మ్ కలుపును ఆపదు. నేలను ఎండవేడితో శుద్ధి చేయడానికి పరిస్తే, తడి నేలపైనే వారాల తరబడి నిలవాలి. సెల్యులోజ్ బలహీనత సరిగ్గా అక్కడే బయటపడుతుంది.

కాబట్టి ప్రస్తుతానికి పొడి సరుకుల చిన్న పొట్లాల వంటి ఉపయోగాలపై పరిశోధన సాగించడం మేలు. మల్చింగ్‌కు సిఫారసు చేసే ముందు విస్తరణ శాస్త్రవేత్తలు నాలుగు అంకెలు అడగాలి: ఫిల్మ్ మందం, తడి బలం, నేలలో విఘటన రేటు, తిరిగి రాబట్టిన ద్రావణి శాతం. ఇవి లేని ఫిల్మ్ ఎంత స్వచ్ఛంగా మెరిసినా రైతు పొలానికి సిద్ధమైనట్లు కాదు.