కొండసీమలో జనసాంద్రత: హారంలో ఏ భూమి?

2011 జనగణన ప్రకారం ఉమ్మడి విశాఖపట్నం జిల్లా జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 384. విశాఖ నగరమూ అరకు లోయా ఆ ఒక్క సంఖ్యలోనే ఇమిడిపోయాయి. 2022 ఏప్రిల్‌లో పాడేరు, రంపచోడవరం ప్రాంతాలతో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు, అదే జనగణన ప్రకారం 12,251 చదరపు కిలోమీటర్లలో సుమారు 9.54 లక్షల మంది ఉన్నారు. అంటే సాంద్రత 78.

ఈ 78ని చూచి గిరిజన రైతుకు భూమి కొరత లేదని భావించడం తొందరపాటు. సాంద్రత అంటే చిక్కదనం. పాలకు చెల్లే ఈ భావన కొండలకు చెల్లదు. ఇక్కడి జనం లోయల్లోనూ, వాలులపై చెదిరిన చిన్న గూడేలలోనూ ఉంటారు. భాగహారంలోని హారంలో అడవి, బండనేల, నిట్టవాలు అన్నీ చేరుతాయి. ఉదాహరణకు, ఒక మండలంలో పదోవంతు నేలే సాగుకు అనువైనదనుకుంటే, 78 కాస్తా 780 అవుతుంది. వ్యవసాయ శాస్త్రవేత్తకు అవసరమైనది ఈ రెండవ లెక్క.

అయితే ఇందులోనూ ఒక చిక్కు ఉన్నది. పోడు సాగులో బీడుగా విడిచిన నేల వృథా కాదు. సారం తిరిగి కూడదీసుకుంటున్న పొలమే అది. ఈ ఏటి విత్తిన విస్తీర్ణాన్ని మాత్రమే హారంగా తీసుకుంటే ఒత్తిడి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. పైగా పోడు భూములు చాలావరకు అటవీభూమిగానే నమోదై ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందునుండి సాగులో ఉన్న గిరిజనుల హక్కును గుర్తించింది. పట్టా చేతికందని పొలం మాత్రం సాగు లెక్కలోకి రాదు.

జనసాంద్రత పెరిగేకొద్దీ బీడు కాలం కుదించుకుపోతుందనీ, సాగు సాంద్రమవుతుందనీ డెన్మార్కు ఆర్థికవేత్త ఎస్తర్ బోసెరప్ 1965లో ప్రతిపాదించారు. అరకు కొండల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, మిరియాలు రావడాన్ని ఆ వాదంతో కొంతవరకే వివరించగలం. ప్రభుత్వ ప్రోత్సాహమూ అందులో పెద్ద కారణమే. రాగి, సామ, వలిసెలు పండే వాలులపై బీడు ఎన్నేళ్లకు తగ్గిందో గ్రామంలోని పెద్దలనడిగి నమోదు చేస్తే, జిల్లా సగటు చెప్పలేని ఒత్తిడి తెలుస్తుంది.

సిబ్బంది కేటాయింపులో తక్కువ సాంద్రత మరో అర్థం సంతరించుకుంటుంది: రైతుకూ రైతుకూ మధ్య నడక. ఆరోగ్యశాఖ దీనిని ఏనాడో గుర్తించి, మైదానంలో 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రమైతే, కొండ, గిరిజన ప్రాంతాలలో 3,000కే ఒకటని ప్రమాణం పెట్టింది.